కాన్పు తర్వాత తీవ్ర రక్తస్రావం: చికిత్సా పద్ధతుల అరుదైన ఉపద్రవాలు

కాన్పు తర్వాత ఆగని రక్తస్రావాన్ని అదుపు చేసే పద్ధతులు ఏటా లెక్కలేనంత మంది తల్లుల ప్రాణాలు కాపాడుతున్నాయి. గర్భసంచిలో బెలూన్ ఉంచడం, దాన్ని కుట్లతో బిగించడం, రక్తనాళాలను ముడివేయడం లేదా లోపలి నుంచి మూసివేయడం, ఏదీ ఫలించకపోతే గర్భసంచినే తొలగించడం వీటిలో ముఖ్యమైనవి. వీటి వల్ల కొద్దిమందిలో అరుదైన ఉపద్రవాలు తలెత్తుతాయి. గర్భసంచి కండరం చచ్చుబడటం, పేగు చిక్కుకోవడం, మూత్రనాళం తెగడం, కాలికి రక్తం అందకపోవడం, నెలసరి ఆగిపోవడం, తర్వాతి గర్భంలో సంచి చిట్లడం అలాంటివి. ఇవి యాదృచ్ఛికంగా వచ్చేవి కావు. రక్తాన్ని ఆపడానికి ఏ పద్ధతి ఏ మార్గాన్ని ఎంచుకుంటుందో, దాని ఉపద్రవం కూడా చాలావరకు ఆ మార్గంలోనే వస్తుంది.

నేపథ్యం

నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి 500 నుంచి 700 మిల్లీలీటర్ల రక్తం చేరుతుంది. మాయ విడిపోగానే దాని వెనక ఉన్న రక్తనాళాల మూతులు తెరుచుకుంటాయి. గర్భసంచి కండర పోగులు ఒకదానితో ఒకటి అల్లుకుని ముడుచుకున్నప్పుడు ఆ నాళాలు నొక్కుకుపోయి రక్తం ఆగుతుంది. కండరం బిగుసుకోకుండా మెత్తగా ఉండిపోతే రక్తస్రావం మొదలవుతుంది. ఎక్కువ సందర్భాల్లో కారణం ఇదే. జననమార్గం చిరగడం, మాయ ముక్కలు మిగిలిపోవడం లేదా గోడకు అతుక్కుపోవడం, రక్తం గడ్డకట్టే శక్తి తగ్గడం మిగిలిన కారణాలు.

కాన్పు అయిన 24 గంటల్లో 500 మిల్లీలీటర్లు, అంతకు మించి రక్తం పోతే ప్రసవానంతర రక్తస్రావంగానూ, 1000 మిల్లీలీటర్లు దాటితే తీవ్ర రక్తస్రావంగానూ ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా నిర్వచిస్తూ వచ్చింది. ప్రపంచంలో ఏటా సుమారు 1 కోటి 40 లక్షల మంది స్త్రీలు దీని బారిన పడుతున్నారని ఆ సంస్థ అంచనా. భారతదేశంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. అలాంటి తల్లి తక్కువ రక్తం పోయినా తట్టుకోలేదు. 2018-20 నమూనా నమోదు లెక్కల ప్రకారం ప్రతి లక్ష సజీవ జననాలకు దేశంలో 97 మంది, తెలంగాణలో 43 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 45 మంది తల్లులు మరణించారు. ఈ మరణాల ప్రధాన కారణాల్లో రక్తస్రావం ఒకటి.

చికిత్స ఒక మెట్టు తర్వాత ఒక మెట్టుగా సాగుతుంది. మొదట గర్భసంచిని మర్దన చేయడం, మందులు, ద్రవాలు, రక్తం. ఆ తర్వాత బెలూన్ లేదా చూషణ పరికరం. ఆపై కుట్లు, నాళాల ముడి, నాళాలను లోపలి నుంచి మూసే ఎంబొలైజేషన్. చివరగా గర్భసంచి తొలగింపు. పై మెట్టుకు వెళ్లేకొద్దీ చికిత్స శరీరంలోకి మరింత లోతుగా పోతుంది. ఉపద్రవాల తీవ్రత కూడా సాధారణంగా అదే వరుసలో పెరుగుతుంది.

మందుల వల్ల వచ్చేవి

ఆక్సిటోసిన్ మొదటి మందు. దీన్ని ఒక్కసారిగా నరంలోకి ఎక్కిస్తే రక్తపోటు హఠాత్తుగా పడిపోతుంది. అప్పటికే రక్తం కోల్పోయిన తల్లికి అది ప్రాణాంతకం కావచ్చు. ఈ హార్మోనుకు శరీరంలో నీటిని నిలిపే గుణం ఉంది. అందుకే ఎక్కువ మోతాదును ఉప్పు లేని ద్రవంలో కలిపి గంటల తరబడి ఎక్కిస్తే రక్తంలో సోడియం పడిపోయి మగత, మూర్ఛ రావచ్చు. మిథైల్ ఎర్గోమెట్రిన్ రక్తనాళాలను బిగిస్తుంది. అధిక రక్తపోటు ఉన్నవారికి ఇస్తే మెదడులో రక్తస్రావం, గుండె ధమనుల బిగింపు వంటి ప్రమాదాలు ఉన్నాయి. కార్బోప్రోస్ట్ శ్వాసనాళాలను కుదించగలదు కాబట్టి ఉబ్బసం ఉన్నవారికి ఇవ్వరు. మిసోప్రోస్టాల్ వల్ల చలి, జ్వరం మామూలే. అయితే ఈక్వడార్ రాజధాని క్విటోలో జరిగిన ఒక అధ్యయనంలో మూడో వంతుకు పైగా స్త్రీలకు 40 డిగ్రీల సెల్సియస్‌ను మించిన జ్వరం వచ్చింది. ఒకే మందు వేర్వేరు ప్రాంతాల స్త్రీలలో ఇంత భిన్నంగా పనిచేయడం వైద్యుల దృష్టిని ఆకర్షించింది.

రక్తపు గడ్డ కరిగిపోకుండా కాపాడే ట్రానెక్సామిక్ ఆమ్లం విలువ 2017లో ప్రచురితమైన 'ఉమన్' పరీక్షతో స్థిరపడింది. 21 దేశాల్లో 20,060 మంది స్త్రీలపై జరిగిన ఆ పరీక్షలో, ఈ మందు రక్తస్రావ మరణాలను 1.9 శాతం నుంచి 1.5 శాతానికి తగ్గించింది. కాన్పు అయిన మూడు గంటల లోపు ఇచ్చినప్పుడు మేలు ఎక్కువగా కనిపించింది. రక్తం అవాంఛితంగా గడ్డకట్టడం పెరగలేదు. ఈ మందుతో ఉన్న భయంకరమైన ప్రమాదం దాని గుణం నుంచి కాక పొరపాటు నుంచి వస్తుంది. సిజేరియన్ గదిలో మత్తుమందు ఆంప్యూల్ అనుకుని దీన్ని వెన్నులోకి ఎక్కించిన ఘటనలు పలు దేశాల్లో నమోదయ్యాయి. అలా జరిగితే నిమిషాల్లోనే తీవ్రమైన నొప్పి, ఆగని మూర్ఛలు, గుండె లయ తప్పడం మొదలవుతాయి. బాధితుల్లో దాదాపు సగం మంది మరణించారు. ఈ మందును వెన్ను మత్తుమందుకు దూరంగా, వేరే అరలో ఉంచడమే దీనికి నివారణ.

బెలూన్, గుడ్డ, చూషణ

గర్భసంచి లోపలి నుంచి ఒత్తిడి పెట్టడం పాత ఆలోచనే. పూర్వం పొడవాటి గాజుగుడ్డను లోపల కూరేవారు. పైకి రక్తం కనిపించకుండా లోపలే నిండిపోవడం, చీము పట్టడం, గుడ్డ ముక్క లోపలే మిగిలిపోవడం దీని లోపాలు. గుడ్డ స్థానంలోకి బెలూన్ వచ్చింది. యూనస్ బక్రీ పేరు మీద ప్రసిద్ధమైన సిలికోన్ బెలూన్‌లో 500 మిల్లీలీటర్ల వరకు ద్రవం పడుతుంది. అంత ఖర్చు భరించలేని చోట్ల కోసం ఢాకా వైద్యకళాశాలలో సయేబా అఖ్తర్ బృందం రబ్బరు కాథెటర్‌కు కండోమ్ కట్టి, సెలైన్‌తో నింపే పద్ధతిని రూపొందించింది. 2003లో ప్రచురించిన వారి తొలి నివేదికలో 23 మంది స్త్రీలకూ 15 నిమిషాల్లోపు రక్తం ఆగింది. భారతదేశంలోనూ ఈ పద్ధతి విస్తృతంగా వాడుకలోకి వచ్చింది.

బెలూన్ ఉపద్రవాలన్నీ ఒత్తిడికి సంబంధించినవే. పాత సిజేరియన్ మచ్చ ఉన్న చోట, కనిపించని చిరుగు ఉన్న చోట అతిగా నింపితే గోడ చిట్లవచ్చు. అప్పుడు రక్తం బయటికి రాక పొట్టలో చేరుతుంది. బెలూన్ కిందికి జారి యోనిలో ఉబ్బితే గర్భాశయ ముఖద్వారం చిరగవచ్చు, మూత్రాశయం నొక్కుకుపోవచ్చు. ఎక్కువసేపు ఒకేచోట ఒత్తిడి పడితే కణజాలం చచ్చి, అరుదుగా మూత్రాశయానికీ యోనికీ మధ్య రంధ్రం ఏర్పడవచ్చు. అందుకే బెలూన్‌ను సాధారణంగా 24 గంటలలోపు తీసేస్తారు.

బెలూన్‌కు సంబంధించి మరో ప్రమాదం ఉంది, అది పరికరంలో లేదు, దానిమీద పెట్టుకునే నమ్మకంలో ఉంది. బెనిన్, మాలి దేశాల్లో 116 మంది స్త్రీలపై జరిగి 2017లో ప్రచురితమైన పరీక్షలో కండోమ్ బెలూన్ శస్త్రచికిత్సల అవసరాన్ని తగ్గించలేదు. బెలూన్ పెట్టిన వర్గంలోనే మరణాలు ఎక్కువగా కనిపించాయి. ఆ తేడా గణాంకపరంగా తేలినది కాకపోయినా ఆందోళన కలిగించింది. బెలూన్ పెట్టి ఎదురుచూస్తూ అసలు చికిత్సను ఆలస్యం చేయడం ఇందుకు ఒక కారణమై ఉండవచ్చని భావించారు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బెలూన్‌ను సిఫారసు చేస్తూనే, శస్త్రచికిత్స, రక్తం వెంటనే అందే చోట్లకే దాన్ని పరిమితం చేసింది.

చూషణ పరికరాలది బెలూన్‌కు పూర్తిగా వ్యతిరేకమైన సూత్రం. ఇవి గర్భసంచిని నింపి సాగదీయకుండా, ఖాళీ చేసి ముడుచుకునేలా చేస్తాయి. అమెరికాలో 2020లో అనుమతి పొందిన జాడా పరికరం దాదాపు 80 మిల్లీమీటర్ల పాదరసం మేరకు శూన్య ఒత్తిడితో పనిచేస్తుంది. భారతదేశంలో స్టీల్ కాన్యులాతో చేసే చూషణ పద్ధతి కూడా ఉంది. ఇంతవరకు వీటితో నమోదైన తీవ్ర ఉపద్రవాలు తక్కువ. గర్భసంచి లోపొరకు ఇన్ఫెక్షన్, పరికరం జారిపోవడం ప్రధానంగా గమనించవలసినవి.

బిగింపు కుట్లు

సియెర్రా లియోన్‌లో పుట్టి ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో పనిచేసిన క్రిస్టఫర్ బీ-లించ్ 1997లో ఐదుగురు స్త్రీల వివరాలతో ఒక కొత్త కుట్టును ప్రకటించారు. ప్యాంటుకు భుజాల మీదుగా పట్టీలు వేసినట్టు, దారాన్ని గర్భసంచి మీదుగా రెండు వైపులా తిప్పి, నొక్కి ముడి వేయడం అందులోని సూత్రం. గర్భసంచిని తీసేయకుండా రక్తం ఆపే మార్గం దొరకడంతో అది ప్రపంచమంతటా వ్యాపించింది. 2000లో చో బృందం చతురస్రపు కుట్లను, 2002లో హేమన్ బృందం సంచిని తెరవనవసరం లేని కుట్టును తెచ్చాయి.

ఈ కుట్ల వల్ల వచ్చే అరుదైన ఉపద్రవాల్లో మొదటిది గర్భసంచి గోడ చచ్చుబడటం. దారం మరీ బిగిసినా, ఒకదానిపై ఒకటిగా చాలా కుట్లు వేసినా, రక్తనాళాలను కూడా ముడివేసినా దారాల మధ్య చిక్కిన కండరానికి రక్తం అందదు. బయట కుట్టు, లోపల బెలూన్ కలిపి వాడినప్పుడు గోడ రెండు వైపుల నుంచీ నలుగుతుంది. కాన్పు అయిన కొన్ని రోజులకో వారాలకో జ్వరం, పొత్తికడుపు నొప్పి, దుర్వాసనతో కూడిన స్రావం మొదలవుతాయి. దీన్ని మామూలు బాలింత జ్వరంగా భావించి యాంటీబయాటిక్‌లతో సరిపెట్టే ప్రమాదం ఉంది. కాంట్రాస్ట్‌తో తీసిన సీటీ లేదా ఎంఆర్ఐ స్కాన్‌లో రక్తం చేరని భాగం స్పష్టంగా కనిపిస్తుంది. చచ్చిన భాగం చిన్నదైతే దాన్నే తొలగిస్తారు. పెద్దదైతే గర్భసంచిని తీయక తప్పదు.

రెండో ఉపద్రవం గర్భసంచి సహజ గుణం వల్లే వస్తుంది. కాన్పు నాటికి దాదాపు కిలో బరువున్న సంచి ఆరు వారాల్లో వంద గ్రాముల లోపుకు తగ్గుతుంది. సంచి చిన్నదయ్యేకొద్దీ దాని మీది దారం వదులై ఉంగరంలా నిలుస్తుంది. ఆలోగా దారం కరగకపోతే ఆ ఉంగరంలో పేగు మడత చిక్కుకోవచ్చు. త్వరగా కరిగే దారం వాడమనడం, దారాన్ని అక్కడక్కడ గోడకు అంటించి కుట్టమనడం అందుకే. దారం గోడను కోసుకుంటూ లోపలికి దిగిపోయిన సందర్భాలూ ఉన్నాయి.

మూడోది ముందుగోడ, వెనకగోడ అతుక్కుపోవడం. చతురస్రపు కుట్లు రెండు గోడలనూ కలిపి కుడతాయి కాబట్టి స్రావం బయటికి పోయే దారి మూసుకుని చీము నిండవచ్చు, లోపలి పొరలు శాశ్వతంగా అతుక్కోవచ్చు. 1948లో జోసెఫ్ ఆషర్‌మన్ వివరంగా వర్ణించిన ఈ స్థితి ఆయన పేరుతోనే పిలవబడుతోంది. కాన్పు తర్వాత మిగిలిన మాయను గీకి తీసిన స్త్రీలలోనూ ఇది వస్తుంది. నెలసరి చాలా తగ్గడం, రాకపోవడం, గర్భం నిలవకపోవడం దీని లక్షణాలు. గర్భసంచిలోకి సన్నని కెమెరా గొట్టం పంపే హిస్టరోస్కోపీతో అతుకులను విడదీయడం దీనికి చికిత్స.

రక్తనాళాలను ముడివేయడం

గర్భాశయ ధమనులను ముడివేయడం సాపేక్షంగా సులభం. లోతుగా ఉండే అంతర శ్రోణి ధమనిని ముడివేయడానికి అనుభవం కావాలి. ఈ ముడి రక్తాన్ని పూర్తిగా ఆపదు. రెండు వైపులా ముడివేస్తే అవతల నాడి ఒత్తిడి సుమారు 85 శాతం, రక్తప్రవాహం దాదాపు సగం తగ్గుతాయని 1960లలో బర్చెల్ జరిపిన కొలతలు చూపాయి. ధమని రక్తం సిర రక్తంలా నెమ్మదిస్తుంది, గడ్డ నిలుస్తుంది. పక్కదారి నాళాలు మిగిలి ఉంటాయి కాబట్టే గర్భసంచి బతుకుతుంది, తర్వాత గర్భం కూడా వస్తుంది.

ఉపద్రవాలు ప్రధానంగా పొరుగున ఉన్న అవయవాల నుంచి వస్తాయి. మూత్రనాళం గర్భాశయ ధమని కిందుగా, ముఖద్వారానికి సుమారు రెండు సెంటీమీటర్ల దూరంలో సాగుతుంది. రక్తం నిండిన కటి కుహరంలో అది కనిపించక ముడిలో చిక్కవచ్చు. నడుము నొప్పి, జ్వరం, మూత్రం తగ్గడం దాని సంకేతాలు. అంతర శ్రోణి ధమని వెనక అతుక్కుని ఉండే పలుచని సిర చిరిగితే, ఆపాలనుకున్న రక్తస్రావం మరింత పెరుగుతుంది. పొరపాటున బాహ్య శ్రోణి ధమనిని ముడివేస్తే కాలికి రక్తం ఆగిపోతుంది. అందుకే ముడికి ముందూ తర్వాతా గజ్జల్లోనూ పాదంలోనూ నాడి చూడటం తప్పనిసరి. పిరుదు కండరాల నొప్పి, నరాల బలహీనత మరీ అరుదు.

ఎంబొలైజేషన్

గజ్జలోని ధమని గుండా సన్నని గొట్టాన్ని పంపి, ఎక్స్‌రే సాయంతో గర్భాశయ ధమనిని వెతికి, జెలటిన్ స్పాంజి ముక్కలతో మూసివేసే ఈ పద్ధతిని ప్రసవానంతర రక్తస్రావానికి వాడినట్టు 1979లో మొదటిసారి నివేదించారు. చాలా నివేదికల్లో పదింట తొమ్మిది సందర్భాల్లో రక్తం ఆగింది. స్పాంజి కొన్ని వారాల్లో కరిగి నాళం మళ్లీ తెరుచుకుంటుంది. ఈ ప్రక్రియ జరిగాక కొన్ని రోజులపాటు జ్వరం, నొప్పి, వికారం రావడం మామూలు.

అరుదైనవాటిలో గర్భసంచి చచ్చుబడటం తీవ్రమైనది. మూసే రేణువులు మరీ చిన్నవైతే అవి పక్కదారి నాళాలను దాటి లోపలి సూక్ష్మ నాళాలను కూడా పూడ్చేస్తాయి. మూసే పదార్థం దారి తప్పి మూత్రాశయం, యోని, పిరుదు, తుంటి నరానికి రక్తం ఇచ్చే శాఖల్లోకి పోతే ఆయా భాగాలు దెబ్బతింటాయి. కాలు మొద్దుబారడం, నడిస్తే పిరుదులో నొప్పి, పాదం వాలిపోవడం దాని లక్షణాలు. అండాశయానికి వెళ్లే శాఖ మూసుకుంటే నెలసరి తాత్కాలికంగానో, చాలా అరుదుగా శాశ్వతంగానో ఆగుతుంది. గొట్టం పెట్టిన చోట రక్తం గూడుకట్టడం, ధమని గోడ ఉబ్బడం, అందులో గడ్డ ఏర్పడటం, కాంట్రాస్ట్ మందు వల్ల మూత్రపిండాలు దెబ్బతినడం కూడా సాధ్యమే.

మాయ లోతుగా పాతుకుపోయిన కాన్పుల్లో ముందుజాగ్రత్తగా శ్రోణి ధమనుల్లో లేదా బృహద్ధమనిలో బెలూన్ ఉంచడం కొన్ని ఆసుపత్రుల్లో జరుగుతోంది. ధమనిలో గడ్డకట్టి కాలికి రక్తం ఆగడం, ధమని చిరగడం దీని ప్రధాన భయాలు. రక్తం ఆగి ఉన్న సమయం పెరిగేకొద్దీ ప్రమాదమూ పెరుగుతుంది.

గర్భసంచి తొలగింపు

1876లో ఇటలీలోని పావియాలో ఎడ్వార్డో పోర్రో సిజేరియన్‌తో పాటు గర్భసంచిని తొలగించి తల్లినీ బిడ్డనూ బతికించారు. నేటికీ చివరి రక్షణ ఈ శస్త్రచికిత్సే. ఉబ్బిన నాళాలు, స్థానం తప్పిన అవయవాలు, తొందర కారణంగా మూత్రాశయానికీ మూత్రనాళానికీ గాయాలు మామూలు గర్భసంచి శస్త్రచికిత్సలో కన్నా ఇక్కడ చాలా ఎక్కువ. వీటిని అప్పటికప్పుడు గుర్తించి కుడితే మానిపోతాయి. గుర్తించకపోతే కొన్ని రోజులకు యోని గుండా మూత్రం కారడం మొదలవుతుంది. మళ్లీ పొట్ట తెరవవలసి రావడం, చీము, కాళ్ల సిరల్లో గడ్డలు, అవి ఊపిరితిత్తులకు చేరడం ఇతర ప్రమాదాలు. బిడ్డల్ని కనే అవకాశం పోవడం వల్ల కలిగే వేదన, కాన్పు నాటి భయం నెలల తరబడి వెంటాడటం కూడా వైద్య ఉపద్రవాలుగానే గుర్తింపు పొందాయి.

రక్తమార్పిడి, షాక్ నిరోధక వస్త్రం

ఎక్కువ యూనిట్ల రక్తాన్ని త్వరగా ఎక్కించినప్పుడు అందులోని సిట్రేట్ కాల్షియాన్ని తగ్గిస్తుంది, పొటాషియం పెరుగుతుంది, శరీరం చల్లబడుతుంది. ఈ మూడూ గుండెకు హాని చేస్తాయి, కాల్షియం తగ్గడం, చల్లబడటం గడ్డకట్టే ప్రక్రియనూ దెబ్బతీస్తాయి. ఆరు గంటల్లోపు ఊపిరితిత్తుల్లో నీరు చేరి శ్వాస అందకపోవడం అరుదైన, ప్రాణాంతకమైన ప్రతిచర్య. దాత రక్తకణాలకు వ్యతిరేకంగా తల్లిలో తయారైన ప్రతిరక్షకాలు తర్వాతి బిడ్డకు రక్తహీనత కలిగించవచ్చు.

కాళ్లకూ పొట్టకూ బిగుతుగా చుట్టే షాక్ నిరోధక వస్త్రం తల్లిని పెద్దాసుపత్రికి చేర్చే వరకు ఊపిరి నిలుపుతుంది. దీని ప్రమాదం తీసేటప్పుడే. ఒక్కసారిగా విప్పితే రక్తం కాళ్లకు దిగి రక్తపోటు కుప్పకూలుతుంది. చీలమండల దగ్గర మొదలుపెట్టి ఒక్కో పట్టీకి 15 నిమిషాలు ఆగుతూ, నాడి, రక్తపోటు చూస్తూ విప్పాలి.

ఆలస్యంగా బయటపడేవి

గర్భాశయ ధమని గోడలో శస్త్రచికిత్స గాయం ఉబ్బుగా మారి, వారాల తర్వాత హఠాత్తుగా పగలడం ఒకటి. అల్ట్రాసౌండ్ డాప్లర్‌తో దీన్ని కనిపెట్టి ఎంబొలైజేషన్‌తో సరిచేస్తారు. బిగింపు కుట్లు పడిన సంచి తర్వాతి గర్భంలో చిట్లిన సంఘటనలు కొన్ని ఉన్నాయి. ఎంబొలైజేషన్ తర్వాతి గర్భాల్లో మాయ లోతుగా అతుక్కోవడం, మళ్లీ రక్తస్రావం కావడం ఎక్కువ. ఎక్కువమంది స్త్రీలకు నెలసరి తిరిగి మామూలుగా వస్తుంది, మళ్లీ కాన్పులూ అవుతాయి. అయితే ఆ కాన్పు రక్తనిధి, శస్త్రచికిత్స సదుపాయం ఉన్న ఆసుపత్రిలోనే జరగాలి.

పాలు పడకపోవడం, నెలసరి రాకపోవడం, నీరసం కలిసి కనిపిస్తే చికిత్స ఉపద్రవం అనుకునే ముందు షీహన్ స్థితిని ఆలోచించాలి. అది రక్తస్రావం వల్లే పిట్యూటరీ గ్రంథి దెబ్బతినడం, చికిత్స వల్ల కాదు. రెండింటికీ వైద్యం వేరు.

నివారణ, గుర్తింపు

ఉపద్రవాలను తగ్గించే గొప్ప మార్గం రక్తస్రావాన్ని తొందరగా పట్టుకోవడం. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆసుపత్రుల్లో జరిగి 2023లో ప్రచురితమైన ఈ-మోటివ్ పరీక్ష, కొలత గీతలున్న సంచిలో రక్తాన్ని పట్టి కొలుస్తూ, మర్దన, మందులు, ద్రవాలు, పరీక్ష అన్నీ ఒకేసారి మొదలుపెడితే తీవ్ర స్థితికి చేరడం 60 శాతం తగ్గుతుందని చూపింది. తొలి మెట్టులోనే ఆగిన రక్తానికి కుట్టూ అక్కర్లేదు, కత్తీ అక్కర్లేదు.

శస్త్రచికిత్స తప్పనప్పుడు ఏ పద్ధతి వాడారు, ఏ దారం, ఎన్ని కుట్లు, ఏ ధమని, బెలూన్‌లో ఎంత ద్రవం, ఎన్ని గంటలు అన్న వివరాలు డిశ్చార్జి పత్రంలో రాయాలి. ఆ కాగితం ఒక్కటే, నెల తర్వాత జ్వరంతో మరో ఆసుపత్రికి వెళ్లిన బాలింతకు సరైన స్కాన్ తీయిస్తుంది. తల్లికీ ఇంటివారికీ తెలియాల్సిన హెచ్చరికలు ఇవి: తగ్గని జ్వరం, దుర్వాసన స్రావం, మళ్లీ మొదలైన రక్తం, పొట్ట ఉబ్బి వాంతులు, యోని గుండా మూత్రం కారడం, కాలు చల్లబడటం లేదా మొద్దుబారడం, పాలివ్వడం మానేసిన తర్వాత కూడా నెలసరి రాకపోవడం. ఇంటికి వచ్చే ఆశా కార్యకర్త, ఏఎన్ఎం కూడా వీటి గురించి అడగాలి.

ఈ ఉపద్రవాలన్నీ అరుదైనవి. ఆగని రక్తస్రావం మాత్రం గంటల్లోనే ప్రాణం తీస్తుంది. కాబట్టి వీటి భయంతో చికిత్సను ఆలస్యం చేయడం ఏ సందర్భంలోనూ సమర్థనీయం కాదు. చికిత్స జరిగాక తల్లిని మరచిపోవడం కూడా అంతే తప్పు.